100వ స్థానం కోసం చివరి ఐదు టోర్నీలు: ఆడే వారాలు, ఆడని వారాలు

#1 కొండగాలి
అందరికీ నమస్కారం. ఫెడెక్స్ కప్ ఫాల్ (అమెరికా పీజీఏ టూర్ గోల్ఫ్‌లో సీజన్ చివరి టోర్నీలు) గురించి ఎప్పుడు మాట్లాడుకున్నా గెలిచినవాళ్ళ సంగతే వస్తుంది. 100వ స్థానం చుట్టూ జరిగే పెనుగులాట గురించి వివరంగా మాట్లాడుకుందాం.

2025 క్యాలెండర్‌నే తీసుకుందాం. జాక్సన్‌లో సాండర్సన్ ఫార్మ్స్ అయిపోయింది. ఉదాహరణకి ఒక ఆటగాడు 108వ స్థానంలో ఉన్నాడనుకోండి. 100వ స్థానంలో ఉన్నవాడికంటే 62 పాయింట్లు వెనక. ఇంతకుముందు 125 మందికి పూర్తి కార్డు (వచ్చే ఏడాది టూర్‌లో ఆడే హక్కు) ఉండేది, 2025 నుంచి 100 మందికే. ముందున్నవి యోకొహామా (అక్టోబర్ 9–12), యూటా (23–26), లాస్ కాబోస్ (నవంబర్ 6–9), బెర్ముడా (13–16), సీ ఐలాండ్ (20–23).

అతను ఎన్ని ఆడాలి? మధ్యలో వచ్చే రెండు ఖాళీ వారాల్లో ఏం చేయాలి? సంచిలో ఏం సరిచూసుకోవాలి? తెలిసినవాళ్ళు లెక్కతో సహా చెప్పండి.

#2 లెక్కలమాస్టారు
ముందు పాయింట్ల సంగతి తేల్చుకుంటే మిగతావన్నీ దాని వెంటే వస్తాయి. మామూలు టోర్నీలో గెలిస్తే 500. రెండో స్థానానికి 300, ఆ తర్వాత వరసగా 190, 135, 110, 100, 90, 85, 80, పదో స్థానానికి 75. కట్ (రెండు రౌండ్ల తర్వాత వెనకబడినవాళ్ళని ఇంటికి పంపే గీత) తప్పితే సున్నా. కట్ దాటి 60వ స్థానం అవతల ముగిస్తే ఒక అంకె పాయింట్లే.

అంటే ఒక్క పదో స్థానం, వారం తర్వాత వారం కట్ దాటి అడుగున ముగిసిన అరడజను టోర్నీలకంటే బరువు. నిలకడగా ఆడితే చాలు అనే మాట ఏప్రిల్‌లో సరే గానీ అక్టోబర్‌లో చెల్లదు.

ఇంకో సంగతి. 62 పాయింట్లు అన్నది ఈ రోజు లెక్క. 100వ స్థానం కదలకుండా కూర్చోదు. 95 నుంచి 115 వరకు ఉన్నవాళ్ళందరూ అవే టోర్నీలు ఆడుతుంటారు, ఎవరో ఒకరు టాప్ 5 కొట్టి గీతని పైకి జరుపుతారు. 62 కావాలంటే 100కి పైనే కావాలనుకుని దిగాలి. అంటే ఒక ఐదో స్థానం, లేదా ఒక పదో స్థానంతో పాటు ఇంకో మంచి వారం.

టై అయితే ఆ స్థానాల పాయింట్లన్నీ కలిపి సమానంగా పంచుతారు. చాలామంది పట్టించుకోనిది ఇదే. ఆదివారం 18వ గ్రీన్ (రంధ్రం చుట్టూ పొట్టిగా కోసిన పచ్చిక) మీద ఆరడుగుల పట్ (రంధ్రంలోకి బంతిని దొర్లించే దెబ్బ) పడితే ఒంటరిగా రెండో స్థానం, 300 అనుకోండి. తప్పితే ఇంకో ఇద్దరితో కలిసి రెండో స్థానం. (300+190+135)/3, అంటే 208. ఒక్క పట్‌కి 92 పాయింట్ల తేడా. మన ఆటగాడు ఈ రోజు వెనకబడివున్న 62 కంటే అది ఎక్కువ.

#3 సంచి_భుజాన
మాస్టారు చెప్పిన దానికి క్యాడీ (ఆటగాడి సంచి మోస్తూ సలహా ఇచ్చేవాడు) వైపు నుంచి కొంచెం.

ఐదూ ఆడాలా అంటే నా మాట వద్దు. యోకొహామాలో 78 మందే ఆడతారు, కట్ లేదు. చోటు దొరికితే నాలుగు రౌండ్లు ఖాయం, ఏదో ఒక పాయింటు చేతికొస్తుంది. కానీ 108వ స్థానంలో ఉన్నవాడికి చోటు అడిగితే వచ్చేది కాదు. పైవాళ్ళు వద్దనుకుంటేనే. చివరి నిమిషంలో చోటు వచ్చి, పసిఫిక్ దాటి, రెండు రోజుల్లో ఆడి, మళ్ళీ దాటి రావడం. ఆ ప్రయాణం ఖరీదు యూటాలో కనిపిస్తుంది.

నేనైతే ఇలా వేస్తాను: యోకొహామా వదిలేయాలి. యూటా, కాబోస్, సీ ఐలాండ్ తప్పనిసరి. బెర్ముడా మాత్రం కాబోస్ ఫలితం చూశాక. కాకపోతే పేరు ఇవ్వడానికి గడువు ముందు వారం శుక్రవారం సాయంత్రం 5 గంటలు, అంటే కాబోస్‌లో రెండు రౌండ్లు మాత్రమే అయివుంటాయి. అందుకని ముందు పేరు ఇచ్చేయడం, ఆదివారం రాత్రి తప్పుకోవడం అని చాలామంది చేస్తారు. నియమం ఒప్పుకుంటుంది. కానీ విమానం, గది, క్యాడీ టికెట్ అన్నీ రెండు రకాలుగా సిద్ధం చేసిపెట్టుకోవాలి. ఆదివారం రాత్రి పదింటికి మొదలుపెడితే ఏదీ కుదరదు.

#4 పచ్చికపిచ్చి
యోకొహామా వదలమనడం ఒప్పుకుంటాను. బెర్ముడా వదలమంటే మాత్రం ఒప్పుకోను. అక్కడి పోర్ట్ రాయల్ 7000 గజాలకు లోపు కోర్సు, పార్ (ఒక రౌండుకి లెక్కగట్టిన స్ట్రోకులు) 71. పొడవుగా కొట్టేవాళ్ళకి అక్కడ ఏ లాభమూ లేదు, గాలిలో బంతిని కిందికి ఉంచగలిగేవాడిదే రాజ్యం. పైవరస ఆటగాళ్ళు పెద్దగా రారు. మన ఆటగాడు పొట్టిగా, నేరుగా కొట్టే రకం అయితే ఐదింటిలోకీ అతనికి అవకాశం ఎక్కువున్న వారం అదే. కాబోస్‌లో ఎల్ కార్డొనల్ దానికి పూర్తిగా వ్యతిరేకం. వెడల్పాటి ఫెయిర్‌వేలు, బర్డీల (పార్‌కంటే ఒకటి తక్కువ) పోటీ. అక్కడ పార్‌కంటే 15 తక్కువ కొట్టినా వెనకబడొచ్చు.

టోర్నీ ఎంచుకునేటప్పుడు పర్స్ (మొత్తం బహుమతి డబ్బు) చూడకూడదు. పచ్చిక చూడాలి, గాలి చూడాలి.

#5 లెక్కలమాస్టారు
ఆ మాట నిజం. ఫాల్‌లో ఆటగాడి తీరుని బట్టి కోర్సు ఎంచుకోవాలి.

#6 కొండగాలి
బాగుంది. మరి అక్టోబర్ 12 నుంచి 23 వరకు, మళ్ళీ 26 నుంచి నవంబర్ 6 వరకు ఖాళీ. అసలు నా సందేహం ఇక్కడే. ఆ వారాల్లో రోజూ రేంజ్‌లో 400 బంతులు కొట్టాలా?

#7 సంచి_భుజాన
వద్దు. ఈ చర్చలో గట్టిగా చెప్పదలచుకున్నది ఏదైనా ఉంటే ఇదే. అక్టోబర్‌కి వచ్చేసరికి ఆటగాడు పాతిక టోర్నీల దాకా ఆడివుంటాడు. ప్రతి రౌండుకీ తొమ్మిదీ పది కిలోమీటర్ల నడక, దానికి ముందు గంటా గంటంపావు వార్మప్. చేతుల్లో మిగిలిన శక్తి కొలిచినంతే. దాన్ని ఆడని వారంలో ఖర్చు పెట్టేస్తే ఆడే వారంలో శనివారానికే ఖాళీ.

ఖాళీ వారం ఇలా ఉండాలి. ఆదివారం రాత్రో సోమవారమో ప్రయాణం. సోమ, మంగళవారాలు క్లబ్ ముట్టుకోకూడదు. మంగళవారం సాయంత్రం మాత్రం కూర్చుని గత ఐదారు టోర్నీల స్ట్రోక్స్ గెయిన్డ్ (మిగతావాళ్ళ సగటుతో పోలిస్తే ఎన్ని స్ట్రోకులు లాభమో నష్టమో చెప్పే) అంకెలు చూడాలి. టీ నుంచి, అప్రోచ్, గ్రీన్ చుట్టూ, పటింగ్ ఈ నాలుగింటిలో ఎక్కడ కారుతుందో ఒక్కటే పట్టుకోవాలి. రెండు పట్టుకుంటే రెండూ బాగుపడవు. బుధ, గురువారాలు ఆ ఒక్కదాని మీద పని, కోచ్ ఉంటే కోచ్‌తో, పూటకి 120–150 బంతులకు మించకుండా. శుక్ర, శనివారాల్లో రేంజ్ మానేసి కోర్సులో ఆడాలి. ప్రతి షాట్‌కీ లక్ష్యం, ప్రతి షాట్‌కీ లెక్క. ఒంటరిగా కాకుండా ఎవరితోనైనా పందెం పెట్టుకుని ఆడితే ఇంకా మంచిది. ఆదివారం విమానం.

జిమ్‌లో బరువులెత్తే పని ఉంటే అది ఖాళీ వారంలోనే, రెండుసార్లు. వేగం పెంచే సాధన కూడా అప్పుడే. టోర్నీ వారంలో కీళ్ళు కదిలించడం, తేలికపాటి పని రెండు పూటలు చాలు. బుధవారం భారీగా స్క్వాట్లు చేస్తే శుక్రవారం మధ్యాహ్నం తొడలు పట్టేస్తాయి. కాళ్ళు లేవకపోతే బంతి కుడికి పోతుంది. జనం స్వింగ్ పాడైందనుకుంటారు.

#8 పటింగ్_గేటు
పటింగ్ విషయంలో ఇంకా జాగ్రత్త. ఖాళీ వారంలో చేసే పెద్ద తప్పు పటర్ మార్చడం.

టూర్ సగటు అంకెలు గుర్తుంచుకోవాలి. 3 అడుగుల నుంచి 96 శాతం పడతాయి. 5 అడుగుల నుంచి 77, 8 అడుగుల నుంచి 50, 10 నుంచి 40, 20 నుంచి 15. అంటే 8 అడుగుల పట్లు ఒక రౌండులో నాలుగుంటే, నాలుగూ తప్పే అవకాశం పదహారింట ఒకటి. ఏ లోపమూ లేకుండానే ప్రపంచంలో ప్రతివాడికీ అది ఎప్పుడో ఒకప్పుడు జరుగుతుంది. రెండు రౌండ్లలో పట్లు పడలేదని పటర్ పారేస్తే, సరిగ్గా ఉన్నదాన్ని పారేసినట్టే. కనీసం ఐదారు టోర్నీల అంకెలు చూడకుండా చెయ్యి పెట్టకూడదు.

చూడాల్సింది మొదలయ్యే దిశ. సమతలంగా ఉన్న చోట, బంతికి అడుగున్నర ముందు రెండు టీలు గుచ్చి, మధ్యలో బంతి మాత్రమే పట్టేంత సందు ఉంచాలి. 20 కొట్టి 18 దాటితే స్ట్రోక్ బాగున్నట్టే, తప్పు ఒంపు చదవడంలోనో వేగంలోనో ఉంది. 12 మాత్రమే దాటితే పటర్ ముఖం తెరుచుకుంటోందో మూసుకుంటోందో, టీలలో ఏది తగులుతుందో చూస్తే తెలుస్తుంది. ఇది పది నిమిషాల పని. గంటల తరబడి పట్లు కొడుతూ వంగి నిలబడితే నడుము పోతుంది తప్ప ఒరిగేదేం లేదు.

#9 క్లబ్‌బెంచ్
సంచి సంగతి నాకు వదిలేయండి. కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

డ్రైవర్. చివరి దశలో పనిముట్ల వల్ల వచ్చే అన్ని ఇబ్బందుల్లోకీ పెద్దది ఇదే. డ్రైవర్ ముఖం ఎంత స్ప్రింగులా పనిచేస్తుందో కొలిచే అంకెని సీటీ అంటారు. హద్దు 239 మైక్రోసెకన్లు, కొలతలో తేడాకి 18 వదులుతారు, మొత్తం 257. కొత్త హెడ్ హద్దు లోపలే ఉన్నా, వేల దెబ్బలు తిన్నాక ముఖం మెత్తబడి ఆ అంకె పైకి పాకుతుంది. ఆటగాడు ఏ తప్పూ చేయడు, క్లబ్ మాత్రం ఒక మంగళవారం పరీక్షలో ఫెయిలవుతుంది. 2025 పీజీఏ చాంపియన్‌షిప్‌లో పైవరస ఆటగాళ్ళు మెకిల్‌రాయ్, షెఫ్లర్ ఇద్దరి డ్రైవర్లూ ఇలాగే పోయాయి. షెఫ్లర్ అయితే రెండో డ్రైవర్‌తో ఆ వారం గెలిచాడు కూడా. అదృష్టం అనకండి, మారు హెడ్ ముందే సిద్ధంగా ఉంది.

సిద్ధం చేయడమంటే షాపులో అదే మోడల్ కొనుక్కోవడం కాదు. మీద లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) 9 డిగ్రీలు అని రాసివున్న రెండు హెడ్‌లు నిజానికి ఒకటి 8.4, ఒకటి 9.6 ఉండొచ్చు. కొలిచి తీసుకోవాలి. హెడ్ బరువు గ్రాము తేడాలో ఉండాలి, ఎందుకంటే హెడ్‌లో 2 గ్రాములు మారితే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు తల ఎంత బరువుగా అనిపిస్తుందో చెప్పే కొలత) దాదాపు ఒక పాయింటు మారుతుంది. పొడవు అర అంగుళం తేడా వస్తే మూడు పాయింట్లు. షాఫ్ట్ (క్లబ్ కర్ర) అదే మోడల్, కొన వైపు అంతే కోత. అడాప్టర్ అదే సెట్టింగ్‌లో. అంటించాక ఎపాక్సీకి 24 గంటలు ఇవ్వాలి. కాబట్టి ఇదంతా బుధవారం రాత్రి చేసే పని కాదు. అక్టోబర్ 13 నాటి ఖాళీ వారంలో చేసి, పాతదీ కొత్తదీ పక్కపక్కన పదేసి బంతులు కొట్టి, స్పిన్, లాంచ్ కోణం రాసి పెట్టుకోవాలి.

విమానంలో రెండు హెడ్‌లూ ఒకే సంచిలో పెట్టకండి. ఒకటి క్యాడీ సామానులో పోవాలి. సంచిలో ఉన్నదాన్ని షాఫ్ట్ నుంచి విప్పి, తువ్వాలు చుట్టి, సంచి మధ్యలో డ్రైవర్‌కంటే పొడవైన కర్ర ఒకటి నిలబెట్టాలి. తలకిందులుగా పడేసినా బరువు ఆ కర్ర మీద పడుతుంది, షాఫ్ట్ మీద కాదు.

వెడ్జ్‌లు. 60 డిగ్రీల వెడ్జ్‌కి బంకర్ ఇసుక శత్రువు. గాడుల అంచులు అరిగితే బంతి పైకి లేస్తుంది, స్పిన్ తగ్గుతుంది, గ్రీన్ మీద ఆగదు. తడి పచ్చికలో ఇంకా ఘోరం. పట్టుదలగా సాధన చేసేవాళ్ళు రెండు మూడు నెలలకోసారి మార్చేస్తారు. కొత్తదానితో బంతి తక్కువ ఎత్తులో పోతుంది, ఎక్కువ తిరుగుతుంది, కాబట్టి 80 గజాల షాట్ మొదట్లో పొట్టిగా పడుతుంది. ఖాళీ వారంలో మార్చాలి, టోర్నీ వారంలో మార్చకూడదు. పాత వెడ్జ్‌ని పారేయకుండా బంకర్ సాధనకి ఉంచుకుంటే కొత్తదాని ప్రాణం నిలబడుతుంది.

ఐరన్లు. ఫోర్జ్‌డ్ ఐరన్ మెత్తటి ఉక్కు. ప్రయాణంలో తగిలే దెబ్బలకీ, వేల బంతులకీ లాఫ్ట్, లై (నేల మీద పెడితే షాఫ్ట్ వాలే కోణం) పక్కకి జరుగుతాయి. లాఫ్ట్ ఒక డిగ్రీ జరిగితే సుమారు 3 గజాల తేడా. లై ఒక డిగ్రీ నిటారుగా అయితే మిడ్ ఐరన్ 3–4 గజాలు ఎడమకి పోతుంది. 8 ఐరన్ ఒక్కటే ఎడమకి పోతోంది అని ఎవరైనా చెబితే, స్వింగ్ చూసేముందు ఆ క్లబ్‌ని మిషన్‌లో పెట్టండి. అర డిగ్రీ దాటిన ప్రతిదీ వెనక్కి వంచాలి.

#10 కొండగాలి
క్లబ్‌బెంచ్ గారూ, గ్రిప్‌లు?

#11 క్లబ్‌బెంచ్
మర్చిపోయాను, మంచి ప్రశ్న. కాబోస్, బెర్ముడా రెండూ సముద్రపు గాలి, చెమట. గ్రిప్ నున్నబడితే తెలియకుండానే చెయ్యి బిగుస్తుంది, బిగిస్తే మణికట్టు కదలదు. కాబోస్‌కి ముందు అన్నీ మార్చేయడం మేలు.

పాత గ్రిప్‌ని కొక్కెం బ్లేడుతో మనకి అవతలి వైపుకి కోయాలి. షాఫ్ట్ గ్రాఫైట్ అయితే బ్లేడు లోతుగా దిగితే పీచు తెగుతుంది, జాగ్రత్త. పాత టేపు పూర్తిగా గీకేయాలి. చిన్న ముక్క మిగిలినా కొత్త గ్రిప్ కింద బొబ్బలా తెలుస్తుంది, చేతికి ప్రతిసారీ అదే తగులుతుంది. రెండు వైపులా అంటుకునే టేపు వేసి, చివర అర అంగుళం వదిలి, దాన్ని షాఫ్ట్ లోపలికి మడవాలి. గ్రిప్ చిన్న రంధ్రాన్ని టీతో మూసి, లోపల సాల్వెంట్ పోసి ఊపి, ఆ ద్రవాన్నే టేపు మీద ఒంపాలి. ఇక ఆగకుండా ఒక్క తోపుతో ఎక్కించాలి. సగంలో ఆగితే ఇరుక్కుంటుంది. మీద గుర్తు ముఖానికి సూటిగా ఉందో లేదో మొదటి నిమిషంలోనే సరిచూడాలి, తర్వాత తిరగదు. కొన్ని గంటలు ఆరనివ్వాలి.

కింద టేపు పొరలు ఎన్నున్నాయో రాసుకోండి. ఒక్కో పొర 1/64 అంగుళం లావు. రెండో పొర మరిచిపోతే గ్రిప్ సన్నగా అనిపించి ఎడమ హుక్ మొదలవుతుంది. కారణం వారం దాకా దొరకదు.

#12 సంచి_భుజాన
దీనికే అంటుకుని ఒక మాట. ఖాళీ వారంలో కొత్త క్లబ్ పరీక్షించి, పాతది తీయకుండా సంచిలోనే ఉంచేయడం. 2024 అక్టోబర్‌లో లాస్ వేగస్ టోర్నీలో జోయెల్ డామెన్ సంచిలో అదనంగా 4 ఐరన్ ఉంది, మొత్తం 15. నియమం 4.1బి ప్రకారం తప్పు జరిగిన ప్రతి హోల్‌కీ రెండు, రౌండుకి గరిష్ఠంగా నాలుగు స్ట్రోకులు. అతనికి నాలుగూ పడ్డాయి. అప్పుడతను కార్డు గీత మీదే ఉన్నాడు. ఆ నవంబర్‌లో సీ ఐలాండ్‌లో చివరి రోజు 64 కొట్టి 124వ స్థానంతో కార్డు నిలబెట్టుకున్నాడు. అప్పటికి హద్దు 125.

మొదటి టీ మీద సంచి దించి, గట్టిగా వేళ్ళు పెట్టి లెక్కపెట్టాలి. ప్రతి రోజూ. వుడ్స్, ఐరన్స్, వెడ్జ్‌లు, పటర్ అని విభాగాలవారీగా లెక్కిస్తే పొరపాటు రాదు. మొత్తం ఒకేసారి లెక్కిస్తే వస్తుంది.

#13 పచ్చికపిచ్చి
ఇక పచ్చిక, గాలి, ఎత్తు. యూటాలో బ్లాక్ డెజర్ట్ దాదాపు 3000 అడుగుల ఎత్తులో ఉంటుంది. వెయ్యి అడుగులకి సుమారు 1.16 శాతం దూరం పెరుగుతుందనేది నమ్మదగ్గ సూత్రం. 3000కి 3.5 శాతం. సముద్రమట్టం దగ్గర 170 గజాలు పోయే బంతి అక్కడ 176. చిన్న తేడాలా కనిపిస్తుంది, కానీ గ్రీన్ వెనక నల్ల రాళ్ళున్న కోర్సులో అది పెద్దదే. ఫెయిర్‌వే దాటితే లావా రాయి, అక్కడ బంతి దొరికినా ఆడలేం.

కాబోస్‌లో పాస్పాలం పచ్చిక. ఆ గడ్డికి వాలు తక్కువ, జిగటగా ఉంటుంది. చిప్ (గ్రీన్ పక్కనుంచి కొట్టే చిన్న షాట్) పడగానే అతుక్కున్నట్టు ఆగుతుంది, కాబట్టి బంతిని జెండా దాకా గాలిలోనే పంపాలి. బర్ముడా అనే రకం గడ్డి ఉన్న సీ ఐలాండ్‌లో దానికి వ్యతిరేకం. అక్కడ పచ్చికకి వాలు ఉంటుంది. గ్రీన్ మెరుస్తూ కనిపిస్తే గడ్డి మనకి అవతలి వైపుకి వాలివుంది, పట్ వేగంగా పోతుంది. నల్లగా కనిపిస్తే మనకి ఎదురు, మెల్లగా పోతుంది. అనుమానం ఉంటే కప్పు అంచు చూడండి. ఒక పక్క పదునుగా, రెండో పక్క చిరిగి గోధుమరంగులో ఉంటుంది. గడ్డి చిరిగిన పక్కకి పెరుగుతోంది. గడ్డి ఎదురుగా ఉన్నప్పుడు చిప్ చేస్తే వెడ్జ్ ముందంచు నేలలో దిగబడుతుంది. బౌన్స్ (నేలలో దిగబడకుండా ఆపే అడుగు ఉబ్బు) ఎక్కువున్న వెడ్జ్ తీసుకుని, షాఫ్ట్ ముందుకి వంచకుండా కొట్టాలి.

అంటే రెండు వారాల తేడాతో ఒకే చిప్‌ని రెండు రకాలుగా ఆడాలి. ఖాళీ వారంలో సాధనకి చోటు ఎంచుకునేటప్పుడు రాబోయే టోర్నీలో ఏ గడ్డి ఉందో చూసుకోవడం ఇందుకే.

#14 సంచి_భుజాన
ఎత్తు సూత్రం సరే గానీ అదొక్కటే నమ్మకండి. అక్టోబర్ చివర యూటా ఎడారిలో పొద్దున్నే చలి, మధ్యాహ్నం ఎండ. చల్లగా ఉంటే బంతి తక్కువ పోతుంది. ఉదయం టీ టైముకీ మధ్యాహ్నం టీ టైముకీ రెండు పట్టికలు రాసుకోవాలి. మంగళవారం పొద్దున్నే రేంజ్‌లో వెడ్జ్, 7 ఐరన్, 4 ఐరన్ ఈ మూడు ట్రాక్‌మ్యాన్ (బంతి దూరం కొలిచే రాడార్) మీద ఐదేసి కొట్టి, మళ్ళీ మధ్యాహ్నం అవే కొడితే మిగతావి మధ్యలో లెక్కగట్టొచ్చు. పల్చటి గాలిలో బంతి నిటారుగా కాకుండా చదునైన కోణంలో దిగుతుంది, ఎక్కువ దొర్లుతుంది. క్యారీ (గాలిలో పోయే దూరం) పట్టిక ఒక్కటే రాసుకుని దొర్లే దూరం మర్చిపోతే గ్రీన్ దాటిపోతుంది.

#15 నిద్రలెక్క
ప్రయాణం గురించి ఎవరూ విడమర్చి రాయలేదు. యోకొహామా నుంచి యూటాకి తేడా 15 గంటలు. ఒంటికి మాత్రం అది తూర్పు వైపు 9 గంటల జరుగుడు. మామూలుగా శరీరం రోజుకి ఒక గంట చొప్పున సర్దుకుంటుంది, తూర్పుకి ఇంకా కష్టం. 12న ఆట ముగిసి 13న బయల్దేరితే 23 ఉదయానికి సరిగ్గా అంచు మీద సర్దుకుంటుంది. ఆ పది రోజుల్లో సగం మంచి సాధన కాదు, మేలుకున్న నిద్ర. యోకొహామా వదలమన్న మాటకి నేనిచ్చే కారణం ఇదే.

కాబోస్ నుంచి బెర్ముడా కూడా చిన్నది కాదు, గడియారం మూడు గంటలు ముందుకి. గురువారం 7 గంటలకి టీ టైము వస్తే కాబోస్ ఒంటికి అది తెల్లవారుజాము 4. ఆదివారం రాత్రే మూడు గంటలు ముందు పడుకోవడం మొదలుపెట్టాలి, సోమవారం పొద్దున వెలుతురులో నడవాలి.

అలారం రెండు వేర్వేరు వస్తువుల్లో పెట్టుకోవాలి. 2010లో ఆటగాడు జిమ్ ఫ్యూరిక్ ఫోన్ బ్యాటరీ అయిపోయి అలారం మోగలేదు. బార్‌క్లేస్ టోర్నీ ప్రో-యామ్‌కి (టోర్నీ ముందు ఔత్సాహికులతో ఆడే రౌండుకి) ఆలస్యమయ్యాడు. అప్పటి నియమం ప్రకారం ప్లేఆఫ్ టోర్నీ నుంచే తీసేశారు. ఆ ఏడాది చివరికి టూర్ చాంపియన్‌షిప్ గెలిచి ఫెడెక్స్ కప్ అతనే ఎత్తుకున్నాడు, అది వేరే విషయం. నియమం తర్వాత సడలించారు గానీ బ్యాటరీలు మారలేదు.

#16 కొండగాలి
డబ్బు సంగతి కూడా ఎవరైనా. కార్డు పోతుందన్న భయంలో అది ఎంతవరకు పనిచేస్తుంది?

#17 లెక్కలమాస్టారు
గెలిచినవాడికి పర్స్‌లో 18 శాతం, రెండోవాడికి 10.9. పర్స్ 60 లక్షల డాలర్లు అనుకుంటే గెలుపు 10.8 లక్షలు. క్యాడీకి వారం జీతం కాక, కట్ దాటితే 5 శాతం, టాప్ 10 అయితే 7, గెలిస్తే 10 ఇవ్వడం వాడుక. ఇది టూర్ నియమం కాదు, ఇద్దరి మధ్య ఒప్పందం. కట్ తప్పితే ఆటగాడికి సున్నా, కానీ జీతం, విమానం, గది ఆగవు.

2023 నుంచి పూర్తి కార్డు ఉన్నవాళ్ళకి 15 టోర్నీలు ఆడితే ఏడాదికి 5 లక్షల డాలర్ల ఆదాయం హామీ ఉంది. తక్కువైతే టూర్ పూరిస్తుంది. అంటే 108వ స్థానంలో ఉన్నవాడి భయం ఈ ఏడాది డబ్బు గురించి కాదు, వచ్చే ఏడాది ఎక్కడ ఆడతానన్నది. ఈ రెండూ కలిపి ఆలోచిస్తే తప్పు నిర్ణయాలు వస్తాయి. పెద్ద పర్స్ ఉందని సరిపోని కోర్సుకి వెళ్ళడం అందులో మొదటిది.

ఖాళీ వారంలో ఒక పూట కాగితాలకి కేటాయించాలి. అమెరికాలో చాలా రాష్ట్రాలు అక్కడ ఆడి సంపాదించినదాని మీద పన్ను వేస్తాయి. ఏ వారం ఎక్కడ ఎన్ని రోజులున్నాడో అప్పటికప్పుడు రాసుకుంటే ఏడాది చివర తలనొప్పి ఉండదు. ఫ్లోరిడాలో అంతమంది ఆటగాళ్ళు ఇళ్ళు కట్టుకోవడానికి ఎండ ఒక్కటే కారణం కాదు, అక్కడ రాష్ట్ర ఆదాయ పన్ను లేదు.

#18 పటింగ్_గేటు
ఒకటి అడుగుతాను. చెడు వారం తర్వాత ఊపు తిరగబడుతుందంటారు. నిజంగా జరుగుతుందా?

#19 సంచి_భుజాన
జరుగుతుంది. 2014లో బిల్లీ హోర్షెల్ ఒక వారం కట్ తప్పాడు. తర్వాతి వారం బోస్టన్‌లో చివరి హోల్ మీద టై చేసే అవకాశం ఉండగా 6 ఐరన్ నేలకి తగిలి బంతి హజార్డ్‌లో పడింది. మరుసటి రెండు వారాలు బీఎండబ్ల్యూ, టూర్ చాంపియన్‌షిప్ రెండూ గెలిచాడు. 2024లో కీగన్ బ్రాడ్లీ మెంఫిస్ తర్వాత సరిగ్గా 50వ స్థానంలో నిలిచాడు, తర్వాతి వారానికి అర్హత వచ్చే చివరి చోటు అది. కొలరాడోలో ఆ టోర్నీ గెలిచాడు. 2025లో ఫ్లీట్‌వుడ్ ట్రావెలర్స్‌లో చివరి హోల్‌లో మూడు పట్లు వేసి చేజార్చుకున్నాడు, ఆగస్టులో మెంఫిస్‌లో మళ్ళీ దగ్గరికొచ్చి జారిపోయింది. రెండు వారాల్లో ఈస్ట్ లేక్‌లో టూర్ చాంపియన్‌షిప్ గెలిచాడు, తన 164వ పీజీఏ టూర్ టోర్నీలో.

నేను చెప్పేది, ఒక చెడు వారం చూసి స్వింగ్ మార్చకూడదు. హోర్షెల్ నేలకి తగిలించిన 6 ఐరన్ ఒక షాట్. దాని కోసం సోమవారం కొత్త కోచ్‌ని పిలిస్తే అది పది షాట్లవుతుంది.

#20 కొండగాలి
చివరిది. సీ ఐలాండ్‌లో ఆదివారం లీడర్‌బోర్డ్ చూడాలా వద్దా? ఒకవేళ 104తో ముగిస్తే?

#21 లెక్కలమాస్టారు
సీ ఐలాండ్‌లో రెండు కోర్సులు, మొదటి రెండు రోజులు ఒకరోజు సీసైడ్, ఒకరోజు ప్లాంటేషన్. సీసైడ్ పార్ 70, ప్లాంటేషన్ 72. కాబట్టి గురువారం స్కోరుబోర్డు చూసి భయపడొద్దు, సగం మంది వేరే కోర్సులో ఉన్నారు. శుక్రవారం సాయంత్రం పార్‌తో పోల్చి చూస్తేనే అర్థం ఉంటుంది. 65 మంది, టైలు కలిపి కట్ దాటుతారు.

ఆదివారం అంచనా స్థానం ప్రతి పట్‌కీ మారుతుంది, 14వ హోల్ దగ్గర 99 అని చూపింది 16వ హోల్ దగ్గర 103 అవుతుంది. ఆటగాడు చూడకూడదు, క్యాడీ చూడాలి. చెప్పాల్సింది రెండే సందర్భాల్లో. పార్ 5 మీద రెండో షాట్‌తో నీళ్ళు దాటాలా వద్దా అన్నప్పుడు, 18వ హోల్‌లో పట్ గట్టిగా కొట్టాలా దగ్గర ఆపాలా అన్నప్పుడు. ఇంకెక్కడా ఆ అంకె నిర్ణయాన్ని మార్చదు.

104 అయితే 101 నుంచి 125 వాళ్ళకి ఇచ్చే షరతుల స్థాయి (చోటు మిగిలితేనే ఆడే హక్కు) దొరుకుతుంది. 2026 నుంచి పూర్తి స్థాయి టోర్నీల్లోనే గరిష్ఠంగా 144 మంది, కొన్నిట్లో 132, 120, కాబట్టి అతనికి దొరికే వారాలు అంతకుముందుకంటే తక్కువే. డిసెంబర్‌లో క్యూ స్కూల్ (కార్డు కోసం ఆడే అర్హత పోటీ) ఫైనల్ ఉంది, పాంటే వెడ్రా బీచ్‌లో, కార్డులు మొదటి ఐదుగురికే. సీ ఐలాండ్ నుంచి అక్కడికి కారులోనే పోవచ్చు. మధ్యలో ఉన్నది సుమారు రెండున్నర వారాలు. అందులో మొదటి వారం ఏం చేయాలో ఏడో పోస్టులో ఉంది.

#22 కొండగాలి
అందరికీ కృతజ్ఞతలు. గ్రిప్ టేపు పొరల పట్టిక, డ్రైవర్ కొలతల పట్టిక ఒకే పేజీగా చేసి రేపు ఇక్కడే పెడతాను. క్లబ్‌బెంచ్ గారూ, మీరు ఒకసారి సరిచూడండి.

#23 క్లబ్‌బెంచ్
పెట్టండి. అందులో పటర్ లాఫ్ట్, లై కూడా రాసుకోవడానికి ఒక గడి ఉంచండి. సంచిలో అడుగున పడివుండి ఎవరూ కొలవనిది అదే.